యూనియన్ అన్న మాటకు అర్థాలు

జూన్ 6

డాక్టర్ గారు ఎక్స్‌రేని కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి, అటూ ఇటూ తిప్పి చూసి, "యూనియన్ ఇంకా రాలేదమ్మా" అన్నారు. అంటే ఎముక అతుక్కోలేదని. పక్కన నిలబడ్డ ఈయన ఊరుకుంటారా? "మా యూనియన్ ఎప్పుడో వచ్చి ఫ్యాక్టరీ గేటు ముందు కూర్చుంది డాక్టర్ గారూ, ఈవిడ ఎముకే వెనకబడింది" అన్నారు. డాక్టర్ నవ్వలేదు. నేను నవ్వాను. ఇంటికి వచ్చాక తలుచుకుని మళ్ళీ నవ్వాను.

కట్టు ఇంకా ఉండాల్సిందే. కాలు నేల మీద ఆనించకూడదు. చంక కర్రలతో గదిలో తిరగొచ్చు, మెట్ల జోలికి మాత్రం పోకూడదు. నేను పడిందే ఆ మెట్ల మీద కదా. మా వాటా పైన, మరిది వాటా కింద. మెట్లు బయట వీధివైపు. అన్నదమ్ములిద్దరూ చేతులు పెనవేసి కుర్చీలా చేసి, నన్ను కూర్చోబెట్టుకుని పైకి తెచ్చారు. వెనకాల మా తోడికోడలు కర్రలు పట్టుకుని, దాని మూడేళ్ళ కూతురు నా చెప్పు ఒకటి పట్టుకుని. ఊరేగింపులా ఉందని ఎదురింటి టీ కొట్టులో వాళ్ళందరూ లేచి చూశారు.

జూన్ 7

సంపాదకులు గారు పని పంపారు. పిల్లల ఇంగ్లీషు-తెలుగు నిఘంటువులో 'యు' అక్షరం నాది. కాలు విరిగినా చేతులు బాగానే ఉన్నాయి కదమ్మా అన్నారు ఫోన్‌లో. దాన్ని పరామర్శ అనుకోవాలి.

ఈ అక్షరం ఒక విచిత్రం. పేజీలకు పేజీలు 'అన్' తో మొదలయ్యే మాటలే. చేయలేని, భరించలేని, చెప్పలేని, తెలియని. అన్నీ కాదు, లేదు, వద్దు. మధ్యలో ఎక్కడో పిలవని అతిథికీ అన్యాయానికీ నడుమ ఇరుక్కుని యూనియన్, యునైట్, యూనిటీ. వాటిని ఆఖరున రాద్దామని పక్కన పెట్టాను. సులువైనవి కదా.

జూన్ 11

గేటు దగ్గర నుంచి ఈయన గొంతు పోయి వచ్చారు. సైగలతో మాట్లాడుతున్నారు.

సీసాల విభాగంలో పనిచేసే ఒకతనికి రెండు చేతులూ కాలాయి. మిషన్ ఆగకపోవడం వల్ల కాలాయి. అజాగ్రత్త అతనిదేనని రాసి కంపెనీ ఉద్యోగంలోంచి తీసేసింది. చేతులు కాలినవాడిని చేతులూపుకుంటూ ఇంటికి పొమ్మంటారా అని ఈయన మొదటి రోజు గేటు దగ్గర అడిగారట. అందరూ ఆ మాటకే పని ఆపారు. ఈయన కార్యదర్శి. చేస్తున్నది న్యాయమే. నాకు ఆ విషయంలో రెండో మాట లేదు.

మరిది కూడా సమ్మెలోనే ఉన్నాడు. కానీ తిండి సరిగ్గా తినడం లేదని తోడికోడలు చెప్పింది. అతనిది ఫర్నేసు దగ్గర పని. కరిగిన గాజు ఉన్న ఫర్నేసుని చల్లారనివ్వకూడదట. చల్లారితే లోపల గాజు గడ్డకట్టి గోడలు పగులుతాయట. ఇద్దరు ఇంజనీర్లు లోపల ఎలాగో నెట్టుకొస్తున్నారని, వాళ్ళకు దాని పోకడ తెలియదని దిగులు. తల్లి ఒళ్ళు కాలుతున్నట్టు కాదు, చల్లబడుతున్నట్టు భయపడుతున్నాడక్కా అంది.

జూన్ 14

మరిది లోపలికి వెళ్ళాడు.

వెళ్ళేముందు పైకి వచ్చి అన్నకి చెప్పాడు. చెప్పకుండా పోలేదు. అది రాసి ఉంచాలి.

"అన్నయ్యా, రేపు మీరు గెలిచి లోపలికొస్తే పని చెయ్యడానికి ఫ్యాక్టరీ ఉండొద్దా? నేను సీసా ఒక్కటి కూడా తియ్యను. మంట మాత్రం చూసుకుంటాను."

"ఆ మంట ఉందనే ధైర్యంతోనే వాళ్ళు మనతో మాట్లాడట్లేదు. అది ఆరిపోతుందన్న భయమే మన చేతిలో ఉన్న ఒక్క బలం."

"ఆరిపోతే?"

"ఆరిపోనీ."

మరిది వెళ్ళి చెప్పుల్లో కాళ్ళు పెట్టుకున్నాడు. నా వైపు చూసి, "వదినా, కాలు జాగ్రత్త" అని దిగిపోయాడు. ఈయన ఆ తర్వాత చాలాసేపు చొక్కా గుండీ పెట్టుకుంటూ తీస్తూ కూర్చున్నారు. ఇద్దరిలో ఎవరిది తప్పో నాకు తెలియడం లేదు. ఎవరిదీ కాకపోతే ఇంత కష్టంగా ఎందుకుంటుంది?

జూన్ 15

కమిటీ తీర్మానం చేసింది. లోపలికి వెళ్ళినవాళ్ళతో, వాళ్ళ ఇంట్లోవాళ్ళతో సమ్మెలో ఉన్న కుటుంబాలేవీ మాట్లాడకూడదు. ఇచ్చిపుచ్చుకోవడాలు ఉండకూడదు. వెళ్ళింది నలుగురైదుగురే. తీర్మానం పెట్టింది ఈయనే. తను పెట్టకపోతే తమ్ముడి కోసం మెత్తబడ్డాడంటారు, అందుకని తనే పెట్టాల్సి వచ్చిందన్నారు. నిజమే కదా. ఇంకెవరో పెట్టి ఈయన తలవంచుకోవడం కన్నా ఇదే నయం.

నాతో కూడా మాట తీసుకున్నారు, కిందివాళ్ళతో ఫోన్‌లో కూడా మాట్లాడనని. ఇచ్చాను.

జూన్ 16

జుట్టులో దువ్వెన దిగడం లేదు.

జూన్ 17

ఇన్నాళ్ళూ తోడికోడలు పొద్దున్నే వచ్చి నాకు స్నానం చేయించి, జడ వేసి, అన్నం కూరా పెట్టి, నా పక్క దులిపి వెళ్ళేది. ఇప్పుడు ఆ పనులన్నీ ఈయన చేస్తున్నారు. చేస్తున్నారు అంటే, మంచం పక్కన అన్నం, నీళ్ళు పెట్టి, ఇంకేమైనా కావాలా అని తలుపు దగ్గర నిలబడి అడుగుతున్నారు. తన కాలు ఒకటి అప్పటికే గుమ్మం బయట ఉంటుంది. ఏమీ వద్దంటాను. పాపం, గేటు దగ్గర అంతమంది ఎదురుచూస్తుంటారు.

కింద నుంచి పాప అరుస్తోంది, "పెద్దమ్మా, కాలు వచ్చిందా?" అని. ఎవరో నోరు మూసినట్టున్నారు, సగంలో ఆగిపోయింది.

జూన్ 19

తోడికోడలు వచ్చింది. నేను పిలవలేదు. మాట తప్పింది నేను కాదు.

ఈయన వెళ్ళిన గంటకి బకెట్ పట్టుకుని లోపలికి వచ్చేసింది. ఏమీ అనలేదు. నేనూ ఏమీ అనలేదు, మాట్లాడనని కదా మాటిచ్చింది. కట్టుకి ప్లాస్టిక్ సంచీ చుట్టి, స్టూలు మీద కూర్చోబెట్టి తలంటింది. మూతులు బిగించుకుని ఇద్దరం. చిక్కు తీస్తుంటే నొప్పికి "అబ్బా" అన్నాను. అది మాట కిందకి వస్తుందా అక్కా అంది. ఇక ఆగలేదు, నవ్వీ నవ్వీ స్టూలు మీంచి జారబోయాను.

వెళ్ళేటప్పుడు, రోజూ వస్తాను, నన్నెవడాపుతాడు అంది. తలారా స్నానం చేస్తే మనిషికి ఇంత నిద్ర పడుతుందా?

జూన్ 20

మెట్లు వీధిలోకే కదా. యూనియన్ కోశాధికారి పొద్దస్తమానం టీ కొట్టులోనే ఉంటాడు. చూసి చెప్పాడు. అందరి ముందు చెప్పాడట, కార్యదర్శి గారింటికి నియమాలు వేరా అని.

ఈయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. మంచం అంచున కూర్చుని నెమ్మదిగా చెప్పారు. తను ఒక్క వేలు సడలిస్తే రేపు పదిమంది లోపలికి పోతారని, చేతులు కాలిన మనిషి ఇంట్లో ఎవరూ సరిగ్గా తినడం లేదని, అతని ముఖం చూసి ఏం చెప్పమంటావని.

"దాన్ని రావద్దని నువ్వు చెప్పలేవు. నాకు తెలుసు. అందుకని నేను వెళ్ళేటప్పుడు బయట తాళం వేసుకుని వెళ్తాను. అప్పుడు నిన్నెవరూ ఏమీ అనరు."

"నాకేదైనా అవసరమైతే?"

"ఫోన్ ఉంది కదా."

ఉంది.

జూన్ 21

తాళం వేసుకుని వెళ్ళారు. ఆలోచిస్తే ఇందులో నా మంచే ఉంది. ఇక నేను మాట తప్పుతానన్న భయం నాకే లేదు. ఎలాగూ బయటికి వెళ్ళలేని మనిషికి తాళం ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి.

జూన్ 22

పైన రాసింది చదివాను. ఉంటే ఏమిటో ఇవాళ తెలిసింది. మధ్యాహ్నం మెట్ల మీద అడుగుల చప్పుడు. తలుపు దాకా వచ్చి ఆగింది. తాళం ఒకసారి కదిలింది. కాసేపయ్యాక అడుగులు కిందికి వెళ్ళిపోయాయి. నేను పిలవలేదు. అన్నం చల్లారిపోయింది, తినలేదు.

జూన్ 24

ఇక తప్పదని యూనియన్ రాసి పంపాను. కలయిక. ఐక్యత. కార్మిక సంఘం. రాష్ట్రాల సమాఖ్య. వివాహబంధం. ఎముక అతుక్కోవడం. గణితంలో సమ్మేళనం. ప్రతిదానికీ ఒక ఉదాహరణ వాక్యం.

సాయంత్రం సంపాదకులు గారి ఫోన్. అర్థాలు బాగున్నాయన్నారు. గొట్టాలను కలిపే బిగింపును కూడా యూనియన్ అంటారని, మొన్ననే తన ఇంట్లో అది పోయి ఇల్లంతా చెరువైందని, అదీ చేర్చమన్నారు. ఆ తర్వాత గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, ఇది ఆరో తరగతి పిల్లలు చదువుకునే పుస్తకం. నీ ఉదాహరణలు చూశాను. ప్రతి వాక్యంలోనూ ఎవరో ఒకరు బయటే ఉండిపోతున్నారేమిటి?"

చూసుకోలేదండీ, మార్చి పంపుతానన్నాను. తరవాత తీసి చూశాను. 'సంఘం అతనితో మాట్లాడవద్దని నిర్ణయించింది.' 'వారి ఐక్యత చూసి ఆమె తలుపు వేసుకుంది.' నేనే రాశానా? గణితం ఒక్కటే బాగుంది. 'రెండు సమితుల సమ్మేళనంలో దీనిలో ఉన్నవీ దానిలో ఉన్నవీ అన్నీ వస్తాయి.' లెక్కల్లో ఎవరినీ వదిలిపెట్టరు.

జూన్ 25

ఒంట్లో ఎలా ఉందని ఈయన అడిగారు. బాగానే ఉన్నానన్నాను.

జూన్ 26

బాగానే ఉన్నాను.

జూన్ 27

ఉదాహరణలు మార్చడం కుదరడం లేదు.

జూన్ 30

కింది వాటాలో కూర్చుని రాస్తున్నాను. జరిగింది జరిగినట్టు రాయాలి, మళ్ళీ నాకు నేను ఇంకోలా చెప్పుకోకముందే.

ఇరవై ఎనిమిదో తారీఖు పొద్దున ఈయన తాళం వేసి వెళ్ళాక స్నానం చేద్దామనుకున్నాను, నా అంతట నేను. స్టూలు మీంచి లేస్తుంటే కర్ర జారింది. బకెట్‌కీ గోడకీ మధ్య పడ్డాను, విరిగిన కాలు కింద మడతపడి. ఆ నొప్పి గురించి రాయను. ఫోన్ మంచం మీద ఉంది. కాసేపటికి అది మోగింది, మోగి ఆగింది. సంపాదకులు గారై ఉంటారు.

ఎవరినీ పిలవకూడదు కదా అన్న ఆలోచన అప్పుడు కూడా వచ్చింది. అది గుర్తొస్తే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది. తడి నేల మీద పడి ఉన్నదాన్ని, మాటిచ్చానని ఆలోచిస్తున్నాను. ఎంతసేపో తెలియదు. తర్వాత చెంబు తీసుకుని నేల మీద కొట్టడం మొదలుపెట్టాను. మాట్లాడనన్నానే గానీ, చెంబుతో కొట్టనని అనలేదు.

తోడికోడలు అడుగులు గుర్తుపట్టాను. రెండేసి మెట్లు ఎక్కుతూ వచ్చింది.

"అక్కా? అక్కా, పడ్డావా? పలకవే తల్లీ."

"పడ్డాను" అన్నాను. ఆ ఒక్క మాటకే ఏడుపు ముంచుకొచ్చింది.

అది అక్కడ నిలబడే ఈయనకి ఫోన్ చేసింది. మోగుతుంటే కట్ చేశారు. మళ్ళీ చేసింది. మళ్ళీ కట్ చేశారు. ఆ నంబరు నుంచి వస్తే ఎత్తకూడదు కదా, పక్కన కమిటీ అంతా ఉంటుంది. రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకున్న మరిదిని లేపుకొచ్చింది. అతను తలుపు దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. నాకు లోపలికి అంతా వినిపిస్తోంది. ఇది అన్నయ్య వేసిన తాళమని, తను పగలగొడితే ఇక ఈ జన్మలో అన్న తన ముఖం చూడడని, ఇంకోసారి ఫోన్ చేద్దామని అంటున్నాడు.

"మీ అన్నయ్య తాళం మీ అన్నయ్యకే ఉండనీ. దానికేం చెయ్యను" అంది మా తోడికోడలు. సుత్తి తెచ్చి గడియని కొట్టింది. గడియ మేకులతో సహా ఊడింది. తాళం మాత్రం చెక్కు చెదరకుండా దానికే వేలాడుతోంది, వచ్చేటప్పుడు చూశాను.

వీధంతా చూసిందట. టీ కొట్టులోంచి ఒక్కరు కూడా రోడ్డు దాటలేదు. మరిది నన్ను వీపున వేసుకుని మెట్లు దిగుతుంటే కోశాధికారి గ్లాసులోకి చూసుకుంటూ ఉన్నాడు.

డాక్టర్ కొత్త ఎక్స్‌రేని కూడా కిటికీ వెలుగుకి ఎత్తి చూశారు. యూనియన్ మొదలైందట, ఇప్పుడే లేతగా అతుక్కుంటోందట. పడటంతో కదిలిపోయింది. మళ్ళీ మొదటి నుంచి.

జూలై 1

ఈయన రాలేదు. సాయంత్రం కింది మెట్టు మీద ఒక సంచీ పెట్టి వెళ్ళారు. నా చీరలు, మందులు, నిఘంటువు కాగితాలు. చీరలన్నీ మడతలు పెట్టి ఉన్నాయి. పైన దువ్వెన కూడా పెట్టారు.

నేనుంటున్నది మరిది ఇంట్లో. తీర్మానం నాకూ వర్తిస్తుంది.

జూలై 4

కింది నుంచి వింటే పై వాటా ఇంత చప్పుడు చేస్తుందని తెలియదు. ఈయన వంట చేసుకుంటున్నారు. గిన్నె జారింది, మూత దొర్లింది, ఆ తర్వాత ఏమీ లేదు. గదిలోంచి గదిలోకి నడుస్తున్నారు. గడియ బాగు చేయించుకోలేదు, గాలికి తలుపు కొట్టుకుంటోంది. పాప పైకి వేలు చూపించి, పెదనాన్నకి కూడా కాలు విరిగిందా అని అడిగింది. తోడికోడలు నా వైపు చూసింది. ఇద్దరం నవ్వలేదు.

జూలై 8

సమ్మె ముగిసింది. చేతులు కాలిన మనిషిని తిరిగి తీసుకుంటున్నారు, బరువు లేని పనిలో. వైద్యం ఖర్చు కంపెనీదే. పొద్దుటి నుంచి వీధిలో కేకలు, డప్పులు. ఈయనను భుజాల మీద ఎక్కించుకుని తిప్పారు. కిటికీలోంచి చూశాను. ముఖంలో నెత్తురు లేదు.

ఫర్నేసు బతికి ఉంది కాబట్టే కంపెనీకి ఆత్రం పుట్టిందని మరిది అంటాడు. సమ్మె ఆగకపోబట్టే దిగొచ్చారని యూనియన్ వాళ్ళంటారు. నాకిప్పుడు రెండూ నిజమే అనిపిస్తోంది. అయినా ఎవరూ ఎవరికీ చెప్పుకోరు. లోపలికి వెళ్ళినవాళ్ళతో మాట్లాడకూడదన్న తీర్మానం అలాగే ఉంచారు. చేతులెత్తమన్నప్పుడు అందరూ ఎత్తారట. అందరూ అంటే ఈయన కూడానా అని మరిదిని నేను అడగలేదు. అతనే, "అన్నయ్య చెయ్యి కూడా లేచింది వదినా" అన్నాడు.

జూలై 10

తెల్లవారుతుండగా కిటికీ దగ్గర అలికిడి. ఈయన. పాలు తెచ్చుకోవడానికి దిగినట్టు చేతిలో గిన్నె ఉంది. వీధిలో ఇంకా ఎవరూ లేరు. ఊచలకి ముఖం ఆనించి, ఊపిరి కన్నా మెల్లగా అడిగారు.

"కాలెలా ఉంది?"

ఎన్ని రోజులుగా ఆ మాట కోసం ఎదురుచూశాను. వచ్చాక చూస్తే, దొంగ సరుకు చేతిలో పెట్టినట్టు ఉంది.

"గట్టిగా అడగండి" అన్నాను. "వీధికి వినపడాలి."

రోడ్డు వైపు ఒకసారి చూశారు. వెళ్ళిపోయారు.

జూలై 11

నేనే అలా అని ఉండాల్సింది కాదేమో. నీరసంగా కనిపించారు. ఏదో ఒకటి అడిగారు కదా.

లేదు. అలాగే అనాలి.

జూలై 13

సెలవు రోజు. టీ కొట్టు కిటకిటలాడుతోంది. కమిటీ అంతా అక్కడే. మరిది గుమ్మం ముందు కూర్చుని పాప చెప్పు కుడుతున్నాడు. నేను లోపల కిటికీ పక్కన కుర్చీలో.

ఈయన మెట్లు దిగారు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. టీ కొట్టు వైపు నడుస్తారనుకున్నాను. కోశాధికారి పక్కకి జరిగి బల్ల మీద చోటిచ్చాడు కూడా. ఈయన రోడ్డు మధ్య దాకా వెళ్ళి ఆగారు. వెనక్కి తిరిగారు. అటు అంతమంది, ఇటు ఒక్కడు. గొంతు ఎత్తేటప్పుడు ఈయన చెయ్యి చొక్కా గుండీ మీదికి పోతుంది, అలాగే పోయింది.

"ఒరేయ్ తమ్ముడూ, మీ వదిన కాలు ఎలా ఉందిరా?"

గేటు ముందు నినాదాలిచ్చిన గొంతు. వీధి ఆ చివరి దాకా వినిపించి ఉంటుంది. కొట్టులో మాటలాగిపోయాయి. మరిది సూది చేత్తో పట్టుకునే లేచాడు.

"నన్నడుగుతావేంటన్నయ్యా. లోపలికొచ్చి చూసుకో."

ఈయన వచ్చారు. చెప్పులు గుమ్మం బయటే విడిచారు, అందరికీ కనిపించేలా.

నా ఎదురుగా నేల మీద కూర్చున్నారు. తాళం గురించి మాట్లాడతారని చూశాను. మాట్లాడలేకపోయారు. నేనూ పోనీలెండి అనలేదు. అనను కూడా, చాలా రోజులు. తోడికోడలు కంచం తెచ్చి ఈయన ముందు కొంచెం గట్టిగానే పెట్టింది. తలెత్తకుండా తిన్నారు.

జూలై 15

ఈయనను కార్యదర్శి పదవి నుంచి తీసేశారు. ఈసారి ఓటింగులో కొన్ని చేతులు లేవలేదట. చేతులు కాలిన మనిషి లేచి ఏదో చెప్పబోతే కూర్చోమన్నారట. ఇప్పుడు మా ఇంట్లోవాళ్ళెవరితోనూ వీధిలో ఎవరూ మాట్లాడరు. టీ కొట్టు కూడా మాకు బంద్. ఫ్యాక్టరీలో అన్నదమ్ములిద్దరే ఒక మూల కూర్చుని డబ్బాలు విప్పుకుని తింటున్నారట, ఫర్నేసు సంగతి మీద దెబ్బలాడుకుంటూ.

నేనింకా కిందే ఉన్నాను. కాలు బాగయ్యాక కూడా పైకి వెళ్తానో లేదో చెప్పలేదు. ఈయన అడగలేదు. గడియ ఊడిన చోట చెక్కకి మైనం నింపారట, కొత్తది మాత్రం బిగించలేదు.

రాద్దామని కూర్చుంటే రాయనివ్వడం లేదు. మరిది గొంతు, ఈయన గొంతు, మధ్యలో తోడికోడలు, అందరి మీదా పాప. వీధి మొత్తం మాతో మాట్లాడటం మానేస్తే ఇంత గోల పుడుతుందని ఎవరనుకున్నారు. చెవులు గింగురుమంటున్నాయి. ఇక్కడితో ఆపుతాను, నన్నేదో అడుగుతున్నారు.